చాంబరు అడుగున మడ్డి

ప్రతి శనివారం పొద్దున గొర్రెలకు నీళ్ళు చూసుకుని, టోస్టు తిని, గ్రీజు గన్ను చంకలో పెట్టుకుని క్లారీ నోస్కే తమ్ముడి పొలంలోకి నడిచి వెళ్ళేవాడు. తమ్ముడు వెర్న్ పోయి మూడేళ్ళయింది. అయినా క్లారీ నోట్లో అది ఇంకా తమ్ముడి పొలమే. అక్కడి రేకుల షెడ్డులో వాళ్ళ నాన్న కొన్న పాత కిరసనాయిలు ట్రాక్టరు ఉంది. దాని బాగోగులు చూడడం క్లారీ తన పనిగా పెట్టుకున్నాడు. ముందు చక్రాలకు, స్టీరింగు కింద, ఫ్యాను వెనక, పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చి కొత్తది కనపడేదాకా గన్ను నొక్కేవాడు. ఆయిలు చూసే కడ్డీ తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతుర్లో పెట్టి చూసేవాడు. తర్వాత హ్యాండిలు వేసి, నడుం పట్టుకున్నా సరే, ఇంజను అందుకునేదాకా తిప్పేవాడు.

ఆ చప్పుడు విని వెర్న్ భార్య ఎల్వా వంటింట్లోంచి వచ్చి బోర్లించిన డ్రమ్ము మీద కూర్చునేది. ఆమె వచ్చేది వెర్న్ మాటల కోసం.

మల్లీ అనే ఆ మెట్టప్రాంతంలో గోధుమ పండించే మగాళ్ళు ఇంట్లో మాట్లాడరు. భోజనాల దగ్గర 'ఉప్పు' అన్నారంటే ఆ పూటకు అదే ప్రసంగం. వాళ్ళు నోరు విప్పేది ట్రాక్టరు సీటు మీదే. ఆ మోతలో ఎవరికీ వినపడదన్న ధీమా. అలా అన్న మాటలు ఇంజన్లోకి దిగి, ఆయిల్లో కలిసి, చాంబరు అడుగున మడ్డిలో పేరుకునేవి. ఇంజను స్లోలో పెడితే ఒకటీ అరా పొగగొట్టంలోంచి బయటపడేవి. అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. డగ్గన్ వాళ్ళ ట్రాక్టరుకు బూతులు తప్ప రావు. ఫాదరు గారు వచ్చినప్పుడు దాన్ని స్టార్టు చెయ్యరు.

వెర్న్ ట్రాక్టరు మర్యాదగా మాట్లాడేది. "బార్లీ పల్చగా ఉంది," అనేది. కాసేపాగి, "గేటు వేశావా," అనేది. "వాన వచ్చేట్టుంది," అనేది. అంతే, మళ్ళీ డబడబలాడుతూ ఊరుకునేది.

"ఇవాళ కూడా బార్లీయేనా," అనేది ఎల్వా. "బతికినన్నాళ్ళూ బార్లీయే, పోయాక కూడా బార్లీయే."

"గొర్రెల సంగతి కూడా అన్నాడుగా పోయిన వారం," అని క్లారీ సర్ది చెప్పేవాడు.

"వెనకేసుకురాకు. క్లారీ, పెళ్ళినాడు పాస్టరు గారు పలికిస్తే నా పేరు పలికాడు, అంతే. ఆ తర్వాత 'ఇదుగో', 'అదిగో', 'ఏమేవ్'. పొలంలో గుండ్రంగా తిరుగుతూ ఒక్కసారైనా ఎల్వా అనుకున్నాడేమో తెలుసుకోవాలని కూర్చుంటున్నాను."

"అనుకుని ఉండకపోతే?"

"అనుకోలేదని తెలుస్తుంది. అదీ తెలియాలి కదా."

తమ్ముడు అనుకుని ఉండడనే క్లారీ నమ్మకం. వెర్న్ సంగతి తనకు తెలియదా? పాట విన్నా ఏడవని మనిషి, కుక్కకు కూడా పేరు పెట్టని మనిషి. మూడేళ్ళుగా ఆమె ఇలా డ్రమ్ము మీద కూర్చోవడం చూస్తే క్లారీకి కడుపు తరుక్కుపోయేది. పైగా అతనికి ఇంకో బాధ ఉంది.

ఆ ట్రాక్టరు మొదట నడిపింది అతను. నాన్న పొలం పంచి, ఇల్లూ ట్రాక్టరూ చిన్నవాడికి రాసేదాకా దాని సీటు మీద కూర్చుని మాట్లాడుకున్నది అతను. అప్పట్లో అతను మాట్లాడుకున్నదంతా ఎల్వా గురించే. అప్పటికి ఆమె స్టేషను మాస్టరు గారి అమ్మాయి, వెర్న్ ఆమెను ఇంకా చూడనైనా లేదు. ఆ మాటలు అందరి మాటలకంటే అడుగున, గట్టిపడ్డ మడ్డిలో ఉన్నాయి. ఉన్నచోటే ఉంటాయిలే అనుకుని ఇన్నేళ్ళూ గడిపేశాడు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు.

ఒక శనివారం ఇంజను ఈల వేసింది. పళ్ళ సందునుంచి, సన్నగా.

"వెర్న్‌కి ఈల రాదే," అంది ఎల్వా ఆశ్చర్యపోయి.

ఈల క్లారీది. అడుగు మడ్డి కదులుతోందన్నమాట. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. ఇంకో తొమ్మిది రోజుల్లో, సోమవారం, పాత ట్రాక్టర్ల ఊరేగింపు. ఆ సాయంత్రం ఊరి హాల్లో విందు. అక్కడ ఎల్వాను పక్కకు పిలిచి, మిగిలిన నాలుగు రోజులూ ఒక కప్పు కిందే గడుపుదామా అని అడగాలని ఏడాదినుంచి ధైర్యం కూడగట్టుకుంటున్నాడు. సోమవారం నిన్నొకటి అడగాలి అని ఆమెతో అనేశాడు కూడా. తాను నోరు తెరిచేలోపు ఇనుపముక్క తన గుట్టు బయటపెడితే? తమ్ముడి పెళ్ళాం మీద మొదటినుంచీ కన్నేశాడని ఆమె అనుకుంటే?

అందుకని ఆ వారంలోనే కొట్టుకు వెళ్ళి కొత్తరకం ఆయిలు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. కొట్టు నడిపే నోలా డబ్బా తిప్పి చూసింది.

"ఎవరికిది?"

"ముసలిదానికి."

"మతి ఉందా? దీంట్లో డిటర్జెంటుంది. మీ ముసలిదానికి ఫిల్టరు కూడా లేదు. ఎప్పటెప్పటి మడ్డో అంతా లేపేస్తుంది. పాత ఇంజనుకు పాతరకం ఆయిలే పొయ్యాలని నీకు నేను చెప్పాలా?"

"మడ్డి పోతే పోనీ. ఊరేగింపులో శుభ్రంగా ఉంటుంది."

"శుభ్రమట," అంది నోలా. "నీ షర్టుకు లేని శుభ్రం దానికెందుకు?"

శనివారం ఎల్వా, విందుకు హాలు సర్దేవాళ్ళకోసం శాండ్‌విచ్‌లు చెయ్యడానికి నోలాతో కలిసి వెళ్ళింది. క్లారీ ఇంజను వేడెక్కనిచ్చి, నట్టు విప్పి, నల్లటి ఆయిలు రేకు పళ్ళెంలోకి వదిలాడు. నట్టు బిగించి, తేనె రంగులో ఉన్న కొత్త ఆయిలు పోసి, హ్యాండిలు తిప్పాడు. ఓ గంట నడిపి మురికితో సహా వంపేస్తే తన మాటలు ఎవరికీ వినపడకుండా పోతాయని లెక్క. వెర్న్ మాటలు కూడా పోతాయి, నిజమే. బార్లీ పల్చగా ఉందని ఇంకెన్నిసార్లు వింటుంది పాపం, అనుకున్నాడు.

ఇంజను వేడెక్కాక వెర్న్ గొంతు వచ్చింది.

"ఎల్వా, బార్లీ పల్చగా ఉంది."

క్లారీ చేతిలోని గుడ్డ అలాగే ఉండిపోయింది.

"ఎల్వా, గేటు వేశావా. ఎల్వా, వాన వచ్చేట్టుంది, నీ బట్టలు తీగ మీదే ఉన్నాయి. ఎల్వా, ఇవాళ నీ జుట్టు బాగుంది, పొద్దున అందామనుకున్నాను. ఎల్వా, బిడ్డ పోయినప్పుడు నీ దగ్గరికి రాలేకపోయాను, ఏం చెప్పాలో తెలియలేదు. ఎల్వా..."

ఒక్క మాట కూడా ఆమె పేరు లేకుండా మొదలవలేదు. చిక్కటి పాత మడ్డి ప్రతి మాట మొదలునూ పట్టి ఉంచి, తోక మాత్రం బయటికి వదిలేది. మూడేళ్ళుగా ఆమె విన్నవి ఆ తోకలే. కొత్త ఆయిలు పట్టు సడలించేసరికి ముప్ఫై ఏళ్ళ మాటలు మొదలూ చివరా కలిసి ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి, వచ్చి రేకుల సందుల్లోంచి పోతున్నాయి. వినాల్సిన మనిషి హాల్లో ఉడికిన గుడ్లు చిదుపుతూ కూర్చుంది. తమ్ముణ్ణి తాను ఎంత తక్కువగా తూచాడో క్లారీకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఏడుపొచ్చింది.

కిరసనాయిలు కట్టేద్దామని చెయ్యి చాపాడు. కట్టేస్తే లేచిన మడ్డి సన్న దారుల్లో గడ్డకట్టుకుంటుంది, ఇంక ఆ ఇంజను తిరగదు, మాట రాదు. వదిలేస్తే చివరికి అడుగుదాకా వస్తుంది. అడుగున ఉన్నది తనే. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, ఎల్వా వంటింట్లోకి పరుగెత్తి, హాలుకు ఫోను చేశాడు.

"నోలా, ఎల్వాను పంపు. ఇప్పుడే. శాండ్‌విచ్‌లు నువ్వు చెయ్యి."

ఎల్వా వచ్చేసరికి వెర్న్ మాటలు అయిపోయాయి. ఆమె బండి తలుపు వెయ్యకుండానే షెడ్డులోకి వచ్చింది. ఏప్రాన్ నిండా గుడ్డు మరకలు. క్లారీ ఆమె మొహం చూడలేక ఇంజను వంక చూస్తూ చెప్పాడు. "కొత్త ఆయిలు పోశాను. తప్పు చేశాను. వాడు ప్రతి మాటకూ ముందు నీ పేరే అన్నాడు. ప్రతి మాటకూ. మడ్డిలో ఇరుక్కుని మనకు వినపడలేదు."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"నేను వినాల్సింది నువ్వు విన్నావు," అంది ఎల్వా. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు డ్రమ్ము మీద కూర్చుంది. "నా మనసు కష్టపెట్టకూడదని చెబుతున్నావు కదూ. నువ్వు మంచివాడివి క్లారీ. అందుకే నమ్మలేను."

అంతలో ఇంజను సన్నగా ఈల వేసింది. తర్వాత గొంతు వచ్చింది, కుర్రగొంతు, తడబడుతూ.

"ఎల్వా, శనివారం డాన్సుంది. నాతో వస్తావా? ... ఎల్వా, నీకు వేరే పనేం లేకపోతే, శనివారం ... ఎల్వా, నువ్వంటే నాకు ... ఛ. ఎల్వా, శనివారం..."

అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటే. ఫోన్లో వాళ్ళమ్మే పోల్చుకోలేకపోయేది.

ఎల్వా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వింది.

"చూశావా దొంగమొహం. ఇన్నిసార్లు అనుకుని వచ్చాడన్నమాట. నా దగ్గరికొచ్చి బండి దిగకుండా, 'డాన్సుకు వస్తున్నావా లేదా' అన్నాడు, అంతే. ఎంత పొగరు అనుకున్నాను." ఆమె క్లారీ వైపు తిరిగింది. "వెర్నే కదా? ఆ ఈల..."

క్లారీ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. జీవితం మొత్తంలో అతను ఒక ఆడమనిషిని అడిగింది అదొక్కటే. అదీ అడగలేదు, అడగడం నేర్చుకున్నాడంతే.

"వెర్నే," అన్నాడు. "చిన్నప్పుడు ఈల వేసేవాడు. నువ్వొచ్చాక మానేశాడు."

ఎల్వా తల ఊపింది. ఇంజను ఇంకేమీ అనలేదు, కొత్తదానిలా మెత్తగా తిరిగింది. ఆమె చాలాసేపు విని, ఏప్రాన్‌తో మొహం తుడుచుకుంది.

"సోమవారం ఏదో అడగాలన్నావు?"

"ఊరేగింపులో దీన్ని నువ్వు నడుపుతావా అని."

"నేనా?" అని ఆలోచించింది. "నడుపుతాను. నా మొగుడి ట్రాక్టరు నేను కాక ఎవరు నడుపుతారు."

సోమవారం ఎండలో క్లారీ దారి పక్కన కట్టిన తాడుకు ఇవతల జనంలో నిలబడ్డాడు. ఎల్వా చర్చికి వేసుకునే టోపీ పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, సీటు మీద కూర్చుని వచ్చింది. ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళు చెప్పకుండా ఉంచుకున్నదంతా మొగుడితో చెబుతోంది. ఇంజను మోతలో ఒక్క ముక్క వినపడలేదు. అది కొత్త ఆయిలని, అందులో ఏదీ అడుక్కు దిగి నిలవదని ఆమెకు చెప్పడానికి క్లారీకి నోరు రాలేదు.