దిమ్మె పక్కన మనిషి

జనగామ కాంట్రాక్టర్ రామ్మోహన్‌కు సముద్రమంటే ప్రాణం. కట్టేవి మాత్రం వాగుల మీద వంతెనలు! ఆ వెలితి తీరడానికి ఆఫీసు గోడ నిండా నూట నలభై ఏళ్ల కిందటి ఓడరేవు నిర్మాణాల ఫోటోలు తగిలించాడు. ఆవిరి క్రేన్లు, ఏనుగంత కాంక్రీటు దిమ్మెలు, ఒక్కో దిమ్మె పక్కన గోచీ కట్టుకున్న కూలి. దిమ్మె ఎంత పెద్దదో చూసేవాళ్లకు తెలియాలని దొరలు అలా నిలబెట్టేవారట.

ఇంకేం, అయ్యగారికీ మోజు పుట్టింది. పాత చెక్క కెమెరా కొని, టేకుమట్ల వంతెన పనిలో ఉన్న దేవ్యాను దిమ్మె పక్కన కదలకుండా నిలబెట్టి ఫోటో తీశాడు. అదీ గోడకెక్కింది. వారం తిరక్కుండానే అదే దిమ్మె జారి దేవ్యా కాలు విరిగింది.

పనిలోనే దెబ్బ తగిలిందని కాంట్రాక్టర్ కాగితమిస్తే ఉచితంగా ఆపరేషన్ చేస్తామని, ఆలస్యమైతే కాలు దక్కదని మహబూబాబాద్ దవాఖానలో చెప్పారు. దేవ్యా భార్య మంగ్లీ ఆదరాబాదరాగా జనగామ పరుగెత్తింది.

"దేవ్యానా? గా పేరుతోని మా దగ్గర ఎవ్వలు పనిచెయ్యలే," అన్నాడు రామ్మోహన్.

"మరి గోడ మీద గాయినెవలు సారూ?"

"గది కొలత కోసం పెట్టిన మనిషమ్మా. పనోడు కాదు."

ఆమె కళ్ల ముందే ఫోటో దించి, కత్తెరతో దేవ్యాను కోసి జేబులో వేసుకున్నాడు. మళ్లీ ఆ ఫోటో అచ్చు పడకుండా గాజు నెగెటివ్‌నూ నేలకేసి కొట్టాడు. మంగ్లీకి ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు టేకుమట్ల కూలీలు మంగ్లీకి ఫోన్‌లో పడిపడి నవ్వుతూ చెప్పారు. మనిషి లేకుండా మళ్లీ తీసిన ఫోటోలో దిమ్మె బట్టల సబ్బులా ఉందట. రామ్మోహన్ ఆ ఫోటో పెట్టాలనుకున్న భూపాలపల్లి ప్రదర్శనకు ఇంక నాలుగు రోజులే ఉందట. ఇంకొకణ్ని నిలబడమంటే, "ఫోటోల నిలవడ్డోడు పనోడు కాదంట గద, మాకొద్దు," అని అందరూ తప్పుకున్నారట. చివరికి తనే నిలబడితే ఆ పొట్ట ముందు దిమ్మె మరీ చిన్నబోయిందట, పాపం!

సాయంత్రానికి ఆయనగారి కారు దవాఖాన ముందు ఆగింది.

"ఒక్కటే ఫోటో అమ్మా. మీ ఆయన జర నిలవడితే చాలు. ఇద్దరు పట్టుకుంటరు."

"నిలవడాల్నంటే కాలుండాలె గద సారూ. ముందుగాల కాయితం రాయుండ్రి."

రామ్మోహన్ చచ్చినట్టు రాసి సంతకం పెట్టాడు. మంగ్లీ దాన్ని నర్సు చేతికిచ్చి, ఆమె లోపలికి వెళ్లేదాకా చూసింది. అప్పుడు గాని గుండె కుదుటపడలేదు.

"మరి ఎన్నడొస్తడు నిలవడనీకి?"

"రాడు సారూ," అంది మంగ్లీ. "ఆయన ఇగ నా పక్కన నిలవడ్తడు."