పెట్టె దెబ్బలు

పొద్దున్నే షెడ్డు ముందు ఊడుస్తూ సాజిదా మొగుణ్ణి అడిగే మొదటి మాట, "పెట్టె ఎందాకా వచ్చింది?" అని. మాలిక్ ఫోన్ చూడడు. చొక్కా పైకెత్తి వీపు చూపిస్తాడు.

మాలిక్‌ది చిలకలూరిపేట హైవే పక్కన కార్లు బాగుచేసే షెడ్డు. ఆన్‌లైన్‌లో ఏ పార్టు బుక్ చేసినా, అది బయల్దేరిన దగ్గర్నుంచి ఆ పెట్టెకు తగిలిన ప్రతి దెబ్బా అతని ఒంటికి తగులుతుంది. ఇంటికొచ్చాక పెట్టె విప్పితే నొప్పి పోతుంది. అద్దం చుట్టూ నాలుగు పాత పేపర్లు కుక్కి పంపిన ఓ మహానుభావుడి పుణ్యమా అని ఒకసారి అయిదు రోజులు మెడ తిప్పలేకపోయాడు. పక్క షెడ్లవాళ్ళు ఏ షాపులో కొనాలన్నా ముందు వచ్చి అతని మోచేతులు చూసి పోయేవాళ్ళు. సాజిదాకి మాత్రం బామ్ రాసీ రాసీ విసుగొచ్చింది.

ఈసారి రావాల్సింది త్రినాథ్ టాక్సీకి హెడ్‌లైటు. పాత మోడలు కావడంతో విజయవాడలో కూడా దొరకలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన రెండూ పగిలే వచ్చాయి. కోయంబత్తూరు నుంచి వస్తున్న ఈ మూడోదాని కోసం త్రినాథ్ రోజూ షెడ్డు చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఆ రోజు ఎనిమిదింటికి మాలిక్ చేతిలో స్పానరు జారవిడిచి, ఎడమ భుజం పట్టుకుని కూలబడ్డాడు. మొహమంతా చెమటలు.

"అయిపోయింది. ఇదీ పగిలింది," అని త్రినాథ్ నెత్తి కొట్టుకున్నాడు.

సాజిదా బామ్ రాసింది. తగ్గలేదు. మామూలుగా పెట్టె దెబ్బ ఒక్కసారి చురుక్కుమని, తర్వాత సలుపుతూ ఉంటుంది. ఇది గుండెల మీద కూర్చుని లేవనంటోంది. ఆమె షెడ్డులోంచి రోడ్డు మీదకీ, రోడ్డు మీంచి షెడ్డులోకీ పదిసార్లు తిరిగింది.

"లైటు పోతే పోయింది, ఆసుపత్రికి పదండి!"

"పెట్టె దెబ్బకి ఆసుపత్రేంటే? లారీలో దాని మీద మిర్చి బస్తాలు వేసుంటారు, అందుకే ఈ బరువు. విప్పితే అదే పోద్ది," అన్నాడు మాలిక్ ఆయాసపడుతూ.

పదకొండున్నరకి పార్సిలు వచ్చింది. సాజిదా సంతకం కూడా చెయ్యకుండా లాక్కుని కత్తితో కోసింది. పెట్టెకు ఒక్క సొట్ట లేదు. లోపల ఇంకో పెట్టె. దాని చుట్టూ మందంగా స్పాంజి, మూలమూలకీ థర్మోకోల్. ఆవకాయ జాడీని బస్సులో పంపేటప్పుడు మనవాళ్ళు సర్దినట్టే సర్దారు. హెడ్‌లైటు తళతళా మెరుస్తోంది.

త్రినాథ్ దాన్ని చూసి ఎగిరి గంతేశాడు. సాజిదా మాలిక్ వంక చూసింది. అతను ఇంకా గుండె పట్టుకునే ఉన్నాడు.

"దీనికి దెబ్బే తగల్లేదు," అంది. "మరి ఆ నొప్పి ఎవరిది?"

త్రినాథ్ లైటు అక్కడే వదిలేసి కారు తీశాడు. పట్టపగలు ఒక్క లైటుంటే ఏం, లేకపోతే ఏం! సాజిదా వెనక సీట్లో మొగుణ్ణి పడుకోబెట్టి, కుదుపులకి కదలకుండా ఆ స్పాంజి ముక్కలే అతని చుట్టూ కుక్కింది.

"గట్టిగా తోలు త్రినాథ్!"

"తోలుతున్నా వదినా, తోలుతున్నా."

యడ్లపాడు దాటాక మాలిక్ కళ్ళు తెరిచాడు. "లైటు పగల్లేదా?"

"లేదండీ."

"అయితే ఇది నాదేనన్నమాట," అన్నాడు ఆశ్చర్యంగా. సాజిదా అతని చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

గుంటూరు ఆసుపత్రిలో స్టెంటు వేశాక డాక్టరు బయటికొచ్చి, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు.

"ఎనిమిదింటికండి. పార్సిల్‌ది అనుకుని బామ్ రాస్తూ కూర్చున్నాం."

డాక్టరు తలాడించి రాసుకున్నాడు. "పార్సిలు ఎప్పుడొచ్చింది?"

"పదకొండున్నరకి. ఒక్క సొట్ట కూడా లేదండి."

అదీ రాసుకుని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "బాగా కట్టి పంపారమ్మా," అన్నాడు. "కాస్త నలిగి వచ్చుంటే మీరు ఇంకా బామే రాస్తూ కూర్చునేవాళ్ళు."