సేటుగారి షుగరు

నాకు షుగరు లేదు. ఈ మాట కల్లూరులో కనీసం నూరుమందికి చెప్పి ఉంటాను. ఒక్కడూ నమ్మలేదు. షుగరున్నది మా పిల్లికి.

దాని పేరు సేటు. పేరు పెట్టింది నేనే, వెటకారానికి. ఇంటి ముందరి గదిలోనే నాది పూజాసామాన్ల అంగడి. పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు, టెంకాయలు. ముప్పై ఏళ్లుగా నేను కూర్చునే మెత్త మీదికి నాలుగేళ్ల కిందట ఎక్కడి నుంచో వచ్చి ఎక్కి పడుకుంది. లేపబోతే గుర్రుమంది. అప్పటినుంచీ మెత్త దానిది, ముక్కాలిపీట నాది. మా ఇంట్లో నీసు దూరదు కాబట్టి దానికీ మా తిండే. పొద్దున చక్కెర వేసిన పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, శుక్రవారం అమ్మవారికి పెట్టిన పొంగలి. నా భార్య కన్యకమ్మ దాని ముందు కూర్చుని పొంగట్లోని జీడిపప్పు ఏరి ఏరి పెట్టేది. నా ఆకులో అట్లా ఎప్పుడు ఏరి పెట్టిందో నాకు గుర్తులేదు.

2005 ఎండాకాలంలో సేటు నీళ్లు తాగడం మొదలుపెట్టింది. తాగిందంతా పోసేది. ఒళ్లు కరిగి తోలు మిగిలింది. కర్పూరం డబ్బాల వెనక అది తడిపిన చోట చీమలు బారు కట్టాయి. కన్యకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ చీమలను చాలాసేపు చూసింది. "మా నాయనకూ ఇట్లే చీమలు పట్టె" అంది. వాళ్ల నాయనకు షుగరుతో కాలు తీశారు. ఆ పైన ఏడాది తిరక్కుండా పోయాడు.

పశువుల డాక్టరు దేవేంద్రప్ప జీవితమంతా బర్రెలకు పురుళ్లు పోసిన మనిషి. పిల్లిని బల్ల మీద పెట్టేసరికి ఎక్కడ పట్టుకోవాలో తెలియక చేతులు కట్టుకున్నాడు. కానీ అబద్ధం చెప్పే రకం కాదు.

"షుగరేనమ్మా. దినామూ ఇన్సులిన్ వెయ్యాల. ఎంత వెయ్యాలో తెలియాలంటే రక్తం జూస్తాండాల. ఈడికి తెస్తే ఆటో కుదుపుకు, కుక్కల వాసనకు బెదిరి షుగరు ఇంకా ఎక్కుతాది. ఆ అంకెను నమ్మి సూది ఎక్కువేస్తే సచ్చిపోతాది. ఇంట్లోనే చెవి కొస పొడిచి, మనుషులు జూసుకునే మిషనుతోనే జూసుకోండి."

మందులంగట్లో ధర అడిగాను. మిషను రెండువేలపైన. అది ఒకసారి ఏడ్చి ఊరుకునేది. రక్తపు చుక్క వేసి అందులో దూర్చే పట్టీ ఒక్కొక్కటీ పాతిక రూపాయలు, రోజుకొకటైనా కావాలి. వత్తులమ్ముకుని బతికేవాడికి పాతిక రూపాయలంటే ఎంతో పట్టీలు చేసేవాడికి తెలియదు. నాకు మండింది.

"పిల్లికి మిషనా? రేపు పండ్లసెట్టు గూడా కట్టించమంటావేమే?" అన్నాను.

ముప్పై ఒక్కేళ్ల కాపురంలో ఆమె నన్నడిగినవే తక్కువ. ఈసారీ రెండోమారు అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నేను మా పేట వైశ్య సంఘానికి అధ్యక్షుణ్ణి. పెద్ద పదవేమీ కాదు. పెళ్లిళ్లలో మొదటి బంతిలో కూర్చోవచ్చు, ఏడాదికి రెండు శాలువాలు వస్తాయి. మావాళ్లలో తాతల ఆస్తి పంపకాల్లో గొడవలున్నాయి గానీ షుగరు మాత్రం అందరికీ సమంగా వచ్చింది. అందుకని సంఘం ప్రతి పున్నమికీ మా కులదేవత గుడి అమ్మవారిశాలలో ఉచితంగా రక్తం చూపించేది. మందుల హోల్‌సేలు చేసే ప్రదీప్‌కుమార్ పట్టీలిచ్చేవాడు. నర్సు కృపమణి వచ్చి వేళ్లు పొడిచి రిజిస్టర్లో రాసేది. మగవాళ్లకు తెల్లకార్డు, ఆడవాళ్లకు ఎర్రకార్డు. కార్డు మీద పేరు, గోత్రం. నెలకు కార్డుకో చుక్క. నా కార్డు బీరువాలో పడేశాను. నాకు షుగరు లేదు గదా.

శ్రావణంలో నందికొట్కూరులో పెళ్లి. మొదటి బంతిలో కూర్చున్నాను. పూర్ణం ఓళిగలు వడ్డించేవాడు పక్క ఆకులో రెండు వేసి, వాటి మీద నెయ్యి పోసి, నా ఆకు దాటి పోయాడు. పిలిచాను. వినపడనట్టు నటించాడు. మళ్లీ పిలిచాను. అప్పుడు పక్కనున్న ప్రదీప్‌కుమార్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"కోటయ్యన్నా, దాచుకుంటే ఎట్లప్పా? నాలుగు నూర్ల ముప్పై ఏడు! రిజిస్టరు నేనే జూసినా. మరుసటి నెలా నాలుగు నూర్లపైనే. నువ్వు లేచి తిరుగుతాండావంటేనే గొప్ప."

అతని కళ్లలో నిజంగా నీళ్లున్నాయి. నా కళ్లు మాత్రం పక్క ఆకులోని ఓళిగల మీదే ఉన్నాయి.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అరిచాను. "ఎవరిదే ఆ నాలుగు నూర్ల ముప్పై ఏడు?"

కన్యకమ్మ పప్పు ఎనుపుతూ, "సేటుది" అంది.

బుట్టలో పెట్టి తువాలు కప్పితే సేటు నిద్రపోతుందట. అమ్మవారిశాల మా ఇంటికి పది అంగలు. వెనకనున్న ఆడవాళ్ల గదిలో కృపమణి దాని చెవి పొడిచిందట. "ఆయమ్మ వద్దనె. నేనే ఆమె కాళ్లు పట్టుకుంటి" అంది. ఆ అంకెను బట్టి దేవేంద్రప్ప చెప్పినంత ఇన్సులిన్ రోజూ తనే వేస్తోందట.

"నా కార్డు మీదనా?"

"మీరు వాడుకోనంటిరి గదా."

నిజం చెప్పేసి నా ఓళిగలు నేను తెచ్చుకోవచ్చు. కానీ చెబితే ముందు కృపమణి పని పోతుంది. తర్వాత మా ఆడమనిషి నలుగురి నోళ్లలో నానుతుంది. పైగా మిషను కొననన్నవాణ్ణి నేనే. నోరు మూసుకున్నాను.

అక్కడినుంచి నా బతుకు చూడాలి. ఎవరింటికి పోయినా నాకు చక్కెర లేని కాఫీ. అంగడికొచ్చినవాళ్లు టెంకాయ కొనక ముందు నా పాదాలు చూసేవాళ్లు, పుండ్లున్నాయేమోనని. సంఘం కార్యదర్శి ఇంటినుంచి రోజూ గ్లాసెడు కాకరకాయ రసం వచ్చేది. తెచ్చిన మనిషి నేను తాగేదాకా గడప దగ్గరే నిలబడేది. మెత్త మీద సేటు పడుకుని, నేను మొహం వికారంగా పెట్టుకుని మింగడం చూసేది. దాని జబ్బుకు పథ్యం నేను చేస్తున్నానని దానికి తెలిసే ఉంటుందని నా నమ్మకం.

దీపావళి ముందర ఒకరోజు పొద్దున కన్యకమ్మ సూది వేసిన గంటకు సేటు మెత్త మీదినుంచి జారి పడింది. కాళ్లు కొట్టుకుంటోంది. కళ్లు నిలబడిపోయాయి. కన్యకమ్మ పరుగున బెల్లం నీళ్లు తెచ్చి వేలితో దాని పండ్లచిగుళ్లకు రుద్దింది. రుద్దుతూనే ఉంది. చివరికి అది నాలుక బయటపెట్టి నాకింది. నేను చేతిలో టెంకాయతో అక్కడే నిలబడ్డాను. నాకు భయమేసింది. పిల్లిని చూసి కాదు, ఆమె మొహం చూసి. అంత దిక్కులేనట్టు ఆమె కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. కట్టుకున్నవాణ్ణి, నేను పక్కనే ఉండి కూడా.

దేవేంద్రప్ప ఒకటే మాట చెప్పాడు. "నెలకో చుక్కతో ఇంక గాదమ్మా. ఇంట్లో మిషను ల్యాకుండా సూది ముట్టొద్దు." సూది వేయకపోతే ఎండి చస్తుంది, చూడకుండా వేస్తే పడి చస్తుంది. కన్యకమ్మ సూది ఆపేసింది. వారానికంతా చీమలు మళ్లీ వచ్చాయి.

మిషను కొందామనే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ప్రదీప్‌కుమార్ వచ్చి, కార్తీక వనభోజనాల్లో సంఘం తరఫున నాకు మిషనూ, ఏడాదికి సరిపడా పట్టీలూ బహూకరిస్తున్నట్టు చెప్పాడు. ఉచితంగా వస్తున్నదాన్ని కొనే అలవాటు మా వంశంలో లేదు. ఇంకో నాలుగు రోజులు ఆగమని సేటుకు కూడా చెప్పాను.

ఉసిరిచెట్టు కింద షామియానా వేశారు. పూజ అయింది. పొయ్యిల మీద ఓళిగలు కాలుతున్న వాసన వస్తోంది. నాకు శాలువా కప్పి, రిబ్బను కట్టిన డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను చెయ్యి చాపాను. ప్రదీప్‌కుమార్ మైకు అందుకున్నాడు.

"ఉండన్నా! అందరి ముందరా నీ వేలితోనే బోణీ జేద్దాం. అమ్మా కృపమణీ, రా తల్లీ!"

కృపమణి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా మొహమూ అంతే అయ్యుంటుంది. అయినా వేలు పొడిస్తే మాత్రం బాగానే వచ్చింది. మిషను కాసేపు ఆలోచించి అంకె చూపించింది.

"తొంభై ఎనిమిది!" ప్రదీప్‌కుమార్ గొంతు చెట్టు మీది కాకులను లేపింది. "పోయిన పున్నమికి మూడు నూర్ల తొంభై. ఇప్పుడు తొంభై ఎనిమిది! మూడు నెలలు ఓళిగ ముట్టల్యా. కాకరకాయ రసం తాగినాడు. మనిషంటే ఇట్లుండాల!"

చప్పట్లు. దండ వేశారు. కార్యదర్శి భార్య కాకరకాయ తన పెరట్లోదేనని పక్కవాళ్లకు చెబుతోంది. ప్రదీప్‌కుమార్ చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"అన్నకు ఇంక ఈ మిషను అక్కర్లేదు. అందుకని దీన్నీ, పట్టీలనూ మన సుబ్బరత్నమ్మవ్వకు ఇస్తాండాం!"

సుబ్బరత్నమ్మకు డెబ్బై దాటాయి. ఒంటరిది. కాలి బొటనవేలు నల్లబడుతోంది. ఆమెకు ఇవ్వడమే న్యాయం. ఆ న్యాయానికి అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల వైపు చూస్తే కన్యకమ్మ కూడా కొడుతోంది. అందరూ ఆపేశాక కూడా ఆమె చేతులు కొడుతూనే ఉన్నాయి. తల మాత్రం ఎత్తలేదు.

నేను మైకు లాక్కున్నాను.

"నాకు షుగరు లేదు" అన్నాను.

"ఇంక ల్యాదులేన్నా" అని ఎవరో అంటే నవ్వారు.

"ఎప్పుడూ ల్యాదు. ఆ నాలుగు నూర్ల ముప్పై ఏడు నాది గాదు. మా పిల్లిది. ఆ మిషను దానికే గావాల. ల్యాకుంటే సచ్చిపోతాది."

పొయ్యి దగ్గర ఓళిగలు తిప్పే మనిషి కూడా చెయ్యి ఆపాడు. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి, చాలా శ్రద్ధగా, "పిల్లికి గోత్రం యాడిదప్పా?" అని అడిగాడు.

ప్రదీప్‌కుమార్ మొహం కందిపోయింది. "అమ్మవారిశాలలో పిల్లి రక్తమా? ఎవరు పొడిచినారు? ఎవరు రాసినారు?"

అందరూ కృపమణి వైపు తిరిగారు. సూది ఇంకా ఆమె చేతిలోనే ఉంది. అటుపక్క కన్యకమ్మ లేచి నిలబడి నోరు తెరుస్తోంది. ఆ నోరు మాట్లాడక ముందే నేను మాట్లాడాలి.

"నేనే. నేనే పొడిచినా, నేనే రాసినా. ఈయమ్మకు తెలియదు. మా ఇంటామెకూ తెలియదు. మిషను కొనేదానికి మనసు రాక దొంగపని జేసినా."

అందులో మనసు రాలేదన్న మాట ఒక్కటే నిజం.

విస్తళ్లు వేసేలోపే నా పదవి పోయింది. శాలువా కూడా అడిగి తీసుకున్నారు. ఓళిగలు మాత్రం నా ఆకులో నాలుగు పడ్డాయి, షుగరు లేదని రుజువైంది గదా. మూడు నెలలు కలలో తిన్న ఓళిగలను ముట్టకుండానే ఆకు మడిచాను. మిషను సుబ్బరత్నమ్మ ఒళ్లో ఉంది.

ఆటోలో వస్తుంటే కన్యకమ్మ అడిగింది. "నాకు తెలియదని ఎందుకు జెప్తిరి?"

"నువ్వు జేసినావని జెప్పల్లనా యేమి?" అని కసిరాను. కసరకపోతే నేను ఏడ్చేవాణ్ణి. "రేపు మిషను కొంటాలే" అన్నాను.

"పట్టీలో?" అంది.

మరుసటి రోజు పొద్దున నేనూ కన్యకమ్మా అంగడి తలుపు తీసేసరికి మెట్ల మీద సుబ్బరత్నమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో రిబ్బను కూడా విప్పని డబ్బా.

"కన్యకా, ఈ సూది నేను పొడుచుకోలేనమ్మా. జూస్తేనే కళ్లు తిరుగుతాండాయి. నాకు వారానికి రెండుమార్లు జాలని కృపమణి జెప్పింది. ఆ రెండూ నువ్వు పొడిస్తే, కడమ పట్టీలన్నీ నీ పిల్లికే" అంది. ముసలామె వేలెత్తి, "అయితే ముందు దానికి పొడువు. అది అరిచిందంటే నేను ఇట్నించి ఇట్లే పోతా" అని గట్టిగా చెప్పింది.

సేటును పట్టుకునే పని నామీద పడింది. నాలుగేళ్లలో దాన్ని చేతుల్లోకి తీసుకోవడం అదే మొదలు. తోలూ, ఎముకలూ. నా అరచేతిలో దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. కన్యకమ్మ చెవి కొసను రెండు వేళ్ల మధ్య రుద్ది వెచ్చచేసి, చిటుక్కున పొడిచింది. కుంకుమ రేణువంత చుక్క వచ్చింది. సేటు అరవలేదు. తిరిగి నా బొటనవేలిలో నాలుగు పండ్లూ దించింది.

అరిచింది నేను.

సుబ్బరత్నమ్మ నా వేలు చూసింది, పిల్లిని చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"ఇన్ని నెలలూ దీని చెవి నువ్వే పొడిచినావా కోటయ్యా?"

నేను కరిచిన వేలు నోట్లో పెట్టుకున్నాను.

"ఎవరికీ జెప్పన్లే" అని, కళ్లు గట్టిగా మూసుకుని, ముసలామె తన వేలు కన్యకమ్మ ముందుకు చాపింది.