రూత్ క్యాన్ మూత

రూత్ తన పాల క్యాన్ మూత తీయగానే రాజేశం తల పక్కకు తిప్పి ఉమ్మేశాడు.

“పులిసింది. మోరీల పారబొయ్యి.”

లింగంపేట పాల కేంద్రంలో అతను టెస్టర్. వాసన చూసి సరేనంటేనే పాలు ఎల్లారెడ్డి వెళ్లే ట్యాంకులో పడతాయి. అందరి క్యాన్ల మూతలూ తానే తీస్తాడు. దళితవాడ నుంచి వచ్చే రూత్ మాత్రం తన మూత తానే తీసి దూరం జరగాలి.

“ఇంకొక్కసారి పులిసిందంటే పాల సంఘంల నా పేరు కొట్టేస్తరట, మేడం. ఇగ బర్రెను అమ్ముకునుడే,” అంది రూత్, పక్కనే నిలబడ్డ అధికారిణితో.

కామారెడ్డి నుంచి తనిఖీకి వచ్చిన సాయిలత ఆ క్యాన్ మీదికి వంగింది. పాలు తాజాగా ఉన్నాయి. మరి రాజేశం ముక్కు పోయిందా? లేక ముక్కుకంటే ముందే నోరు తీర్పు చెప్తోందా?

ఆమె వెనుక గదిలోకి వెళ్లి స్టీలు గ్లాసులు నింపింది. కొన్నింట్లో మంచి పాలు, కొన్నింట్లో నిన్న మిగిలి పులిసినవి. ఎవరివో చెప్పకుండా రాజేశం ముందు పెట్టింది.

“నా ముక్కుకే పరీక్షనా, మేడం?” నవ్వాడు రాజేశం. ఒక్క గ్లాసు కూడా తప్పు చెప్పలేదు. “చూసిన్రా? కుక్కకు గూడ ఉండదు గిసొంటి ముక్కు!”

“చూసిన, రాజేశం గారూ. ఇంకోసారి చూద్దాం. ఈసారి ఎవరి పాలో చెప్త.”

అవే పాలు మళ్లీ నింపి తెచ్చింది.

“రూత్.”

“థూ! కంపు.”

“ఇదీ రూత్‌దే.”

“గిదీ గంతే.”

“ఇది మీ సంఘం అధ్యక్షుడు హన్మండ్లుది.”

రాజేశం గుండెనిండా పీల్చాడు. “ఆహా! నెయ్యి లెక్క ఉంది.”

సాయిలత గ్లాసును అతని చేతిలోనే ఉంచింది.

“రూత్ పేరు చెప్పి ఇచ్చినవి నీ బర్రె పాలే, రాజేశం. పొద్దున నువ్వు పిండి తెచ్చినవే. హన్మండ్లు పేరు చెప్పింది నిన్నటి పులిసిన పాలకు. పేర్లు లేనప్పుడు ఇవే పాలను సరిగ్గ పట్టినవు. నీ ముక్కుకు ఏ రోగం లేదు. ఒక పేరు వింటే లేని కంపు వస్తది, ఇంకో పేరు వింటే ఉన్న కంపు పోతది.”

“జలుబు చేసింది మేడం, అందుకే...”

“నెయ్యి లెక్క ఉందన్నవు గద. తాగు.”

క్యాన్లతో నిలబడ్డ వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజేశం ఒక్క గుక్క తాగి, మోరీ దగ్గరికి ఉరికి కక్కాడు. రూత్ పాలు రోజూ పారేది ఆ మోరీలోనే.

“రేపటి నుంచి క్యాన్ల మీద నంబర్లే ఉంటయి, పేర్లుండవు. రూత్, నీ సభ్యత్వం ఎటూ పోదు,” అంది సాయిలత.

రూత్ ముఖంలో సంతోషం కనపడలేదు.

“అంటే నా పేరు దాచిపెడితెనే నా పాలు మంచిగుంటయా, మేడం?”



రూత్ క్యాన్ ఎత్తింది. ట్యాంకులో పోస్తూ, వరుసంతా వినపడేలా అరిచింది.

“రూత్ పాలు!”