అలికిన జాగా

ఖానాపూర్ దాటాక ఒక ఊళ్ళో సమితి ఆఫీసు కట్టాలట. జాగా పనికొస్తుందో రాదో చూసి రాయమని నన్ను పంపారు. ఓవర్సీరుగా చేరి తొమ్మిదేళ్ళయింది. ఎండలు ముదిరాయంటే చాలు, ఇలాంటి పని నా నెత్తినే పడుతుంది.

చూడాల్సినవి రెండే జాగాలు. ఒకటి రోడ్డు పక్కన రాజేశ్వర్‌రావు దొర ఇస్తానన్న రేగడి నేల. అది కాదంటే గుట్టవైపు మొరం నేల, నాగవ్వ ఎకరం. మొగుడు పోయాక ఆ ఎకరంలోనే మక్కలు పండించి, ఆమె తన కొడుకును ఏడో తరగతి దాకా చదివించింది.

రోడ్డు పక్క జాగా చూసి నోరు తెరిచాను. పెళ్ళివాకిలిలా అలికి, ముగ్గులు పెట్టి ఉంది.

"మీరు వస్తుండ్రంటె నాగవ్వ, వాడకట్టు ఆడోళ్లు పొద్దుగాల్లనే అలికిండ్రు ఓవర్సీర్ సాబ్," అన్నాడు దొర, నవ్వుతూ.

గడ్డపార తెమ్మన్నాను. అంతే, అక్కడున్న ఊరివాళ్ళు నలుగురూ ఒక్కసారి మీద పడ్డారు.

"అయ్యో! పూజ గాకముందే గడ్డపార దించుతరా సారూ? అరిష్టం!"

మర్యాదకు లొంగిపోవడం నాకున్న రోగం. చాయ్ తాగాను. కాలితో నాలుగు చోట్ల తొక్కాను, గట్టిగానే ఉంది. 'పనికొస్తుంది' అని రాసి, సంతకం పెట్టి, కాగితం సంచిలో పెట్టుకున్నాను.

బస్సు ఆగేచోట కూర్చుంటే కాలు నిలవదు. లేచాను, కూర్చున్నాను. బీడీ ముట్టించి రెండు దమ్ములకే పారేశాను. ఏదో మరిచిపోయానన్న పరేషాన్. ఏమిటో తెలియదు.

ఎదుటి చేనులో మేక ఒకటి గొంతు చించుకుంటోంది. దాని కాలు నెర్రెలో ఇరుక్కుంది. మేకలాయన తిట్టుకుంటూ పీకుతున్నాడు. వైశాఖమాసం, రేగడి నేల. నెర్రెలు జానెడు వెడల్పున నోరు తెరుచుకుని ఉన్నాయి. మరి దొర జాగాలో ఒక్కటంటే ఒక్క నెర్రె లేదేం?

ఓరి నా తెలివి మండ! అలుకు కింద ఏముందో చూడనేలేదు.

బస్సు వచ్చింది. "ఎక్కుతరా, లేదా?" అని కండక్టరు కసిరాడు. నేను అప్పటికే వెనక్కి నడుస్తున్నాను. దారిలో ఒకరింట్లో ఇనుప చువ్వ అడిగి తీసుకున్నాను.

అలికిన జాగా అంచున నాగవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. చువ్వ చూసి లేచింది.

"గుచ్చకు సారూ, నేనే చెప్త. అలికింది మర్యాదకు గాదు. నిన్న నెర్రెలల్ల మన్ను కుక్కిన. ఇయ్యాల పైన పెండతోటి అలికిపిచ్చిన. గీ జాగ పనికిరాదంటె నా ఎకరం గుంజుకుంటరు గదా."

కోపం నషాళానికి అంటింది. "బుద్ధుందా నీకు? రెండు వానకాలాలు పోతే గోడలు పగులుతయి. కప్పు కూలుతది. కింద మనుషులుండరా?"

"ఉంటరు సారూ," అంది. "ఎవలో ఉంటరు, నాకేంది అనుకున్న. గిప్పుడే దొర చెప్పిండు, మా పోరగాడు కొమురెల్లిని గా ఆఫీసుల చప్రాసిగ పెడ్తడట. పొద్దంత గా గోడ పక్కనే కూసుంటడట. నా పాపం నా కొడుకు నెత్తినే పడ్తది."

చువ్వను నొక్కాను. మోచేతి లోతు దాకా వెన్నలో దిగినట్టు దిగింది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆమె దాచింది, సరే. తవ్వకుండా సంతకం పెట్టింది ఎవరు? సంచిలోని కాగితం తీసి చింపేశాను.

"మరి నీ ఎకరం?" అన్నాను.

"పైసలిస్తరట. పైసలల్ల మక్కలు మొలుస్తయా సారూ?" అని కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది.

రాత్రి ఆ ఊళ్ళోనే ఉండిపోయాను. దొర మొహం మాడ్చుకున్నా లెక్కచేయలేదు.

తెల్లారి గుట్టవైపు వెళ్ళాను. మిరుగం కార్తె వానలకు విత్తేందుకని చేనులో ఎరువుగా పోసుకున్న పెంటకుప్పలను నాగవ్వ గంపలకెత్తి గట్టు అవతల పోస్తోంది. సగం చేను అప్పటికే ఖాళీ అయింది. నన్ను చూసి గంప దించి, గుడిసెలోకి పోయి తన గడ్డపార తెచ్చి నా చేతికిచ్చింది.

"ఏడ తవ్వుకుంటవో తవ్వుకో సారూ," అంది. "ఈడ నేను అలకలే."