నర్సింగానికి అంకితమిచ్చిన పుస్తకం

మా తమ్ముడు జగదీశ్వర్ హైదరాబాదుల రాజ్యాంగం చెప్పే ప్రొఫెసరు. గీ మాట నేను చెప్పుడెందుకు, సెంటినరీ కాలనీల ఏ క్వార్టరు తలుపు కొట్టి అడిగినా చెప్తరు. సకల జనుల సమ్మె నడిచినన్ని దినాలు వాడు టీవీల కూసోని, రాష్ట్రం ఇయ్యాలంటె పార్లమెంటుల ఎంతమంది చెయ్యి లేపాలె, ఏ ఆర్టికల్ ఏమంటది, విప్పి విప్పి చెప్పేటోడు. అప్పటిసంది కాలనీల మొగోళ్లందరికీ మూడో ఆర్టికల్ నోటికొచ్చింది. బొగ్గు కొట్టేటోళ్లు చాయ్ హోటల్ కాడ "అసెంబ్లీ ఒప్పుకోకున్నా ఫికర్ లేదు, పార్లమెంటుల మెజారిటీ ఉంటె సాలు" అని ఒకలమీదొకలు అరుసుకుంటుంటె నా చెవులతోని విన్న. కూరగాయలామె గూడ నాకు రెండు వంకాయలు ఎక్కువేసి, "మీ తమ్మున్ని అడుగక్కా, ఎప్పుడొస్తదట?" అనేది. వచ్చేదాక నా వంకాయలకు డోకా లేదనుకున్న.

వాడు మంచోడే. ముందుగాల్నే చెప్తున్న, ఎందుకంటె తర్వాత నేను తిడితె మీరు వాన్ని చెడ్డోడనుకుంటరు. వానికున్న రోగమొక్కటే, అబద్ధమాడ రాదు. చిన్నప్పుడు ఇద్దరం కలిసి దొంగతనంగ బెల్లం తింటె, నాయిన అడుగకముందే పోయి ఎవలెంత తిన్నమో చెప్పొచ్చిండు. దెబ్బలు మాత్రం నాకే పడ్డయి.

ఎనబై ఒకటిల బొగ్గుబాయిల పైకప్పు కూలి మా నాయిన నడుం పోయింది. డాక్టర్లు అన్‌ఫిట్ అని రాసిండ్రు. తండ్రి అన్‌ఫిట్ అయితె కొడుక్కు ఆ కొలువు ఇచ్చుడు ఈడ పద్ధతి. కొడుకు లేకుంటెనో, వద్దంటెనో, అల్లునికి. అంటె ఆ కొలువు జగదీశ్వర్‌ది. వాడు ఇంటర్ చదువుతుండె, "నేను చదువుకుంట, బావకు రాయున్రి" అన్నడు. ఆ బావ నా పెనిమిటి. ఆడోళ్లు మొగని పేరు చెప్పొద్దంటరు గని, చెప్పకపోతె ఈ కథ నడువది. నర్సింగం. అప్పటిదాక ఎవుసం చేసుకున్నోడు, ఎండల తప్ప చీకట్ల పని చేసెరుగడు. మామ కొలువు పట్టుకోని బాయిల దిగి, పదిహేనేండ్లు బామ్మర్దిని చదివిచ్చిండు. డిగ్రీ, దాని మీద లా, లా మీద ఇంకో లా, దాని మీద డాక్టరు చదువు. "ఇంకెన్ని లాలున్నయే మీ తమ్మునికి?" అనేటోడు. అనుకుంటనే చదివిచ్చిండు.

రెండు వేల ఆరుల వాని పుస్తకం అచ్చయింది. ఇంగ్లీషుల, నాలుగు వందల పేజీలు. మొదటి పేజీల ఏముందో యమున చదివి చెప్పింది. యమున మా ఒక్కగానొక్క బిడ్డ. "నన్ను చదివించడానికి తన వెలుతురు వదులుకున్న మా బావ నర్సింగానికి" అని ఉన్నదట. మా ఆయన ఆ పేజీ ఇంకో రెండుసార్లు చదివిచ్చుకోని తువాలతోని మొహం తుడుసుకున్నడు. మిగిలిన పేజీలు మేమెవ్వలం చదువలే. లోపటేముందిరా అని నేనొకపారి అడిగితె, "కొలువుల గురించి అక్కా, రాజ్యాంగం ఏమంటదో రాసిన" అన్నడు జగదీశ్వర్. మాకు మస్తు సంబురమైంది. కొలువుల గురించి, అదీ మా ఆయన పేర! ఇంకేం కావాలె? బీరువల పట్టుచీరె మీద పెట్టి, ఇంటికి ఎవలొచ్చినా తీసి మొదటి పేజీ చూపెట్టి, మళ్ల చీరె మీదనే పెడుదుము.

సమ్మె అయిపోయిన మరుసటేడు మా ఆయన మోకాళ్లు పోయినయి. కూసుంటె లేవరాదు, లేస్తె కూసోరాదు. రిటైరయ్యేందుకు రెండేండ్ల ఎనిమిది నెలలున్నది. రెండేండ్ల లోపటికొస్తె అన్‌ఫిట్ అయినా ఇంట్లోళ్లకు కొలువియ్యరు. అంటె మా చేతుల ఉన్నయి ఎనిమిది నెలలు. మరి కంపెనీ రూలు కాయితంల ఎవలెవలున్నరయ్యా అంటె కొడుకు, అల్లుడు, తమ్ముడు. బిడ్డ లేదు. యమున మంచిర్యాలల కరెంటు డిప్లొమా చేసి రెండేండ్లాయె ఇంట్ల కూసోని. కాలనీల ఫ్యాను కాలినా, మోటరు కాలినా దాన్నే పిలుస్తరు. బాయిల దింపకున్రి సార్, మీద సబ్‌స్టేషన్ల ఇయ్యున్రి అని మేమే పోయి అడిగినం. ఆఫీసుల క్లర్కు నవ్వి, "పెండ్లి చేయక్కా, అల్లునికి ఇప్పిద్దం" అన్నడు.

యమున ఇంటికొచ్చి అన్నం ముట్టలే. "బాపు మోకాళ్ల కొలువుకు నేను పనికిరాను, ముక్కు మొహం తెల్వనోడు పనికొస్తడా?" అని ఏడ్సింది. గట్టిపిల్ల అది, కరెంటు షాకు కొట్టినా ఏడ్వది.

ఇంట్ల రాజ్యాంగమే ఉండంగ నాకేం తక్కువ! జగదీశ్వర్‌కు ఫోన్ చేసిన. గోదావరిఖనిల ఏదో మీటింగుకు వచ్చినోడు ఇంటికొచ్చి, మంచంల కూసోని నాలుగు పేజీల అర్జీ రాసిండు. చదివి చెప్తుంటె నాకు రోమాలు నిక్కబొడిసినయి. అల్లునికి హక్కెక్కడిది, బిడ్డను చేసుకున్నందుకు వచ్చింది. మరి చేసుకున్నోనికి హక్కుండి బిడ్డకు లేకపోవుడు ఏం న్యాయం? ఆడపిల్ల అని కాదనుడు పదిహేనో ఆర్టికల్‌కు విరుద్ధం, పదహారుకూ విరుద్ధం. "వారీ, ఇంత రాసినంక ఎవడాపుతడురా!" అన్న. వాడు పెన్ను మూసి, "నిజం చెప్పాలంటె అక్కా, నేను ఈ పద్ధతికే వ్యతిరేకం. కని ఇది ఉన్నన్ని దినాలు ఆడపిల్లకు గూడ ఇయ్యాలె, గది నా వాదన" అన్నడు. "వ్యతిరేకం గితిరేకం తర్వాత, ముందుగాల జల్ది రాసుడు ఒడగొట్టు" అన్న నేను. గప్పుడన్న చెవి పెట్టి వింటె అయిపోవు.

అర్జీ ఇయ్యవోయింది మా ఆయన. మా దిక్కు ఓ అలవాటున్నది. ఒట్టి కాయితాన్ని ఎవ్వలు దేకరు, దాని వెనుక ఓ పెద్దమనిషి ఉన్నట్టు తెల్వాలె. యూనియన్ లీడరు ఉత్తరమో, ఎమ్మెల్యే చిట్టీనో పిన్ను కొట్టి పెడుతరు. మాకున్న పెద్దమనిషి జగదీశ్వరే. మా ఆయన బీరువ తీసి, పుస్తకం తీసుకపోయి, పిన్ను పట్టదని దారంతోని అర్జీకి కట్టిచ్చిండు. "మొదటి పేజీ చూడున్రి సార్, నా పేరే" అని వేలు పెట్టి చూపెట్టిండట. ఇంటికొచ్చి, "బుక్కు చూసి ఆఫీసరు నాకు కుర్సీ ఏపిచ్చిండే" అన్నడు. నేను గూడ మురిసిన. ఇద్దరం బుద్ధిలేనోళ్లమే.

మూడు నెలలకు జవాబొచ్చింది. యమున ఇంగ్లీషు చదువుకుంట తెలుగుల చెప్పింది. మొదట్ల అంతా మర్యాదనే. తర్వాత అసలు సంగతి. "అర్జీదారు స్వయంగా జతపరచిన, అర్జీదారుకే అంకితమైన ప్రామాణిక గ్రంథం రెండు వందల పన్నెండవ పేజీ ప్రకారం, పుట్టుకను బట్టి ప్రభుత్వ సంస్థలలో ఉద్యోగం ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధం. కుమారులకు ఇవ్వడమే తప్పయినప్పుడు, ఆ తప్పును కుమార్తెలకు కూడా విస్తరింపజేయలేము."

"అంటె?" అన్న. "అంటె మామ రాసిందే చూపెట్టి మనకు లేదన్నరమ్మా" అన్నది యమున. పుస్తకం గూడ వాపస్ పంపిండ్రు, లోపట ఆ పేజీ కాడ ఎర్ర పెన్నుతోని గీత కొట్టి.

ఫోన్ల తిట్టిన తిట్టు తిట్టకుండ తిడితె వారం తిరుగకముందే జగదీశ్వర్ వచ్చిండు. యూనియన్ల తిరిగే మొగిలి గూడ సలహా చెప్తనని వచ్చి కూసున్నడు. జగదీశ్వర్ చేతుల కాయితం పెట్టిన. వాడు చదువుతుంటె వాని మొహమే చూస్తున్న. సిగ్గుతోని నల్లగైతదనుకున్న. అగ్గో, వెలిగింది!

"పేజీ నంబరు కరెక్టే అక్కా" అన్నడు. "కింద చిన్న అక్షరాలల రాసింది గూడ పట్టుకున్నడు. ఎవరీ లా ఆఫీసరు? ఆరేండ్లాయె పుస్తకమొచ్చి, మా డిపార్టుమెంటుల గూడ ఎవ్వలు ఇంతదాక చదువలే."

"నీ బొంద చదివిండు!" అన్న. "పిల్ల బతుకు గంగల కలిసె, నీకు చదివేటోడు దొరికిండని సంబురమారా? ముప్పై ఏండ్లు బాయిల మోకాళ్లు అరగదీసిందెవలు? ఆ కొలువే తప్పని రాసి, ఆయన పేర్నే పెడతవా?" పక్క క్వార్టరోళ్లు తలుపులు తీసి చూసిండ్రు. చూస్తె చూడనీ అనుకున్న.

అప్పుడు వాని మొహం వాడింది. "ఉన్నది రాసిన అక్కా. బాయి కొలువోళ్ల పిల్లలకే కొలువులిస్తె, కూలోని పిల్ల ఎక్కడ పోవాలె? దానికీ డిప్లొమా ఉంటది గద" అన్నడు. మాట నిజమే. నిజమైతె మాత్రం నా కోపం తగ్గాల్నా ఏంది?

"కోర్టుకు పోదామా మామా?" అన్నది యమున. వాడు అద్దాలు తీసి తుడుసుకున్నడు. "పోవచ్చు బిడ్డా. మంచి వకీలును నేనే మాట్లాడుత."

"గెలిస్తె నాకొస్తదా?"

"గెలిస్తె..." అని ఆగిండు. "జడ్జి అసలు పద్ధతి దిక్కే చూస్తడు. మొగపిల్లలకు గూడ పోతది. అందరికీ సమానం అయితది, ఎవ్వలకు రాదు."

మొగిలి రెండు చేతులెత్తి దండం పెట్టిండు. "సార్, మీ కాళ్లు మొక్కుత, మీరు గెలువకున్రి." తర్వాత దగ్గరికి జరిగి, "గీ కోర్టులన్నెందుకు సార్? కాయితంల అల్లుడున్నడు గద. మీ కొడుకు రుత్విక్ బాబు యమునకు మేనబావ, వరసే. ఈ నెలల లగ్గం, వచ్చే నెలల అన్‌ఫిట్ రాసే డాక్టర్ల బోర్డు. బాబు బాయిల దిగుతడు, పిల్ల మీ ఇంట్లనే ఉంటది" అన్నడు. నవ్వులాటకు అనలే, ఖరారుగనే అన్నడు. గిసొంటి లగ్గాలు మా కాలనీల బొచ్చెడైనయి.

జగదీశ్వర్ ఉలిక్కిపడ్డడు. "మా రుత్విక్? బొగ్గుబాయిలనా?" అన్నడు.

వెంటనే నోరు మూసుకున్నడు గని, మాట బయట పడ్డది. నాలుగు వందల పేజీలల ఎక్కడ రాయని మాట. "నాక్కావల్సింది బావ కాదు మొగిలి కాకా, కొలువు" అని యమున నవ్వి మాట మార్చింది. మా ఆయన నవ్వలే. గడియారం దిక్కు చూసి, గోడ పట్టుకోని లేచి, బూట్లు ముందటేసుకున్నడు.

"ఎక్కడికి?" అన్న.

"రెండో షిఫ్టుకు."

"మరి అన్‌ఫిట్ అర్జీ?"

"ఎవలి కోసం పెట్టాలె? ఉన్న రెండేండ్లు చేస్త, తియ్యి" అన్నడు. ఆయన మోకాళ్లకు కాపడం పెట్టేది నేను, ఆ మూలుగుడు నాకెరిక. జగదీశ్వర్ కిందికి వంగి బావ బూటు లేసు కట్టవోయిండు. మా ఆయన కాలు ఎనుకకు గుంజుకున్నడు.

"బుక్కుల తప్పు రాసినవా జగదీశూ?"

"లేదు బావా."

"మరి నా కాళ్లెందుకు పట్టుకుంటున్నవ్? లే." కోపంతోని అనలే. కోపంతోని అన్నా బాగుండు, వాడు తట్టుకునేటోడు.

షిఫ్టు బస్సు మలుపు కాడికి వచ్చి ఆగింది. అందరం ఆయన వెంబడి పోయినం. బస్సుల ఉన్నోళ్లు జగదీశ్వర్‌ను గుర్తువట్టిండ్రు. కిటికీలల్లకెల్లి తలకాయలు బయటికొచ్చినయి. "ప్రొఫెసర్ సారు! జై తెలంగాణ!" అని కేకలు. అండ్లకెల్లి ఒకాయన, నెరిసిన మీసాలాయన, "సారూ, మన రాష్ట్రమొస్తె మా కొలువులు మా పిల్లలకు వస్తయి గద?" అని అడిగిండు. కిటికీలల్ల తలకాయలన్ని వాని దిక్కే తిరిగినయి. డ్రైవరు గూడ ఇటే చూస్తుండు.

మా ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండోది లేవక గుంజుకుంటుండు. జగదీశ్వర్ ఆ కాలు దిక్కే చూస్తుండు. నోరు తెరిసిండు. చెప్తడు, ఇగ చెప్తడు, పేజీ నంబరుతోని సహా చెప్తడు అని నాకు భయమైంది.

"వస్తయి" అన్నడు.

బస్సంత సప్పట్లు కొట్టింది. ఈలలేసిండ్రు. మా ఆయనొక్కడే కొట్టలే. ఆయన రెండు చేతులతోని కడ్డీ పట్టుకోని ఇంక మెట్టు ఎక్కుతనే ఉన్నడు.