తడి గోనె

మౌలాలీ ఉద్యోగం పోయేటట్టుంది. సిమెంటు కాల్చే కొలిమి, కిల్న్ దగ్గర డ్యూటీలో నిద్రపోయాడనీ, పొగగొట్టం ఫ్యాను రెక్కలు వేడికి వంగిపోవడానికి అతనే కారణమనీ మేనేజరు మల్లికార్జునరావు విచారణకు ముందే తేల్చేశాడు. మాచర్ల దగ్గరి ఆ సిమెంటు ఫ్యాక్టరీలో మీటర్లు చూసే ఇంజనీరును నేను. విచారణలో నేను చెప్పవలసింది ఒకే మాట: మీటరు బాగానే ఉంది.

బాగాలేదు. పొగ వేడిని కొలిచే థర్మోకపుల్ అంటే కొసలు అతికిన రెండు తీగలు. కొస పొగలో ఉంటుంది, తీగలు గోడలోంచి బయటి డబ్బాలోకి వస్తాయి. సన్నతీగలు ఊరికే కాలిపోతున్నాయని లావు తీగలు వేయించాడు మేనేజరు. ఎండకు డబ్బా కరుగుతోందని, మంచినీళ్ల కుండకు చుట్టినట్టు దానికి తడి గోనె చుట్టించాడు. కొసలోని వేడి లావు తీగల వెంట ఆ చల్లదనంలోకి జారిపోయేది. మీటరు చల్లబడిన కొసను చూపించేది, పొగను కాదు.

"మీటరు సూది కిందికి పడితే బొగ్గు పెంచమన్నది ఆయనే గదా సార్. పెంచితిని. ఇప్పుడు నిద్రపోయానంటే ఏంది?" అన్నాడు మౌలాలీ.

గోనె సంగతి మేనేజరుకు లోగడే చెప్పాను. నవ్వాడు. బయట ఎంత మండిపడినా, ఆయన ఏసీ గదిలో నేను అడుగుపెట్టగానే నా కోపం ఎటో జారిపోయి 'పరిశీలించండి సార్' అని మాత్రం మిగిలేది. అందుకే ఈసారి లోపలికి వెళ్లలేదు. ఆయన్నే కంట్రోల్ రూముకు రమ్మన్నాను. బొగ్గు పెంచే మీట మీద ఆయన చెయ్యే పెట్టించాను. పైన, పొగగొట్టం దగ్గర, మౌలాలీ డబ్బాకు చుట్టిన గోనె విప్పాడు.

మీట కదల్లేదు. సూది కదిలింది. మెల్లగా పాకుతూ ఎర్రగీత దాటింది.

మేనేజరు మీట మీంచి చెయ్యి తీశాడు. తర్వాత గొంతు తగ్గించి, "మళ్లీ కట్టించెయ్. గీత దాటిందంటే కిల్న్ ఆపాల. వాణ్ణి ఉంచుదాంలే, పాపం" అన్నాడు.

పాపం! చెయ్యని తప్పుకు క్షమాభిక్ష. ఆ మాటకు నా చెవులు వేడెక్కాయి.

మౌలాలీ దిగివచ్చి గోనె ఎక్కడ పెట్టమంటారని అడిగాడు. తీసుకుని నేరుగా, విచారణ అధికారులు కూర్చుని ఉన్న మేనేజరు ఏసీ గదిలోకి నడిచాను. దాన్ని మేనేజరు బల్ల మీద పరిచాను. నీళ్లు కారి ఫైళ్ల కిందికి పోతున్నాయి. ఈసారి నా కోపం ఎటూ జారలేదు.

"మీటరు సంగతి చెబుతాను, రాసుకోండి" అన్నాను.